లోర్నా పెట్టిన ఆటబడి

ఆడుకోవడానికి కూడా ఒక బడి కావాలా అని అందరికంటే ముందు నవ్వినదాన్ని నేనే. ముప్పై అయిదేళ్ళు ఒకటో తరగతికి పాఠాలు చెప్పాను. పిల్లలు ఆడుకోకుండా చూడ్డమే నా ఉద్యోగం అనుకుని చేశాను, అలాగే రిటైరయ్యాను. పిల్లలు వాళ్ళంతట వాళ్ళు ఆడుకుంటారు. దానికి పెద్దవాళ్ళు చాప పరుచుకుని కాపలా కూర్చోవడం ఏంటి, చోద్యం కాకపోతే.

కానీ మా లోర్నా గురించి చెప్పాలంటే ఆ ఆటబడి గురించే చెప్పాలి. ఆటబడి గురించి చెప్పాలంటే నేను చేసిన పని కూడా చెప్పాలి. అది చెప్పడం నాకు సుతరామూ ఇష్టం లేదు. అందుకే కాస్త అటూ ఇటూ తిరిగి వస్తాను, ఓపిక పట్టండి.

లోర్నా మా తమ్ముడు ప్రభుదాస్ భార్య. ఫిలిప్పీన్స్ దేశం మనిషి. మావాడు కువైట్‌లో ఏసీలు బాగుచేసేవాడు, ఆ అమ్మాయి అక్కడే పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసేది. ఆదివారం గుడిలో కలిశారట, పెళ్ళి చేసుకున్నారట, నాకు ఫొటో వచ్చింది. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేను. ఒక్క మాట ముందు చెబుదామన్న ఇంగితం లేకపోయింది వెధవకి. ఒళ్ళు మండి ఆ ఫొటోని బీరువాలో చీరల కింద బోర్లా పెట్టేశాను. మా ఆయన పెళ్ళయిన మూడేళ్ళకే పోయారు, నాకు పిల్లల్లేరు. తమ్ముడి పెళ్ళయినా కళ్ళారా చూసుకుందామనుకున్నాను, అదీ లేదు.

తొంభైలో కువైట్ మీద యుద్ధం వచ్చిపడింది. ఉన్నవన్నీ అక్కడే వదిలేసి, ఎడారిలో బస్సులెక్కి, ఎక్కడెక్కడో విమానాలు దిగి, అక్టోబరులో రేపల్లె స్టేషన్లో తేలారు ముగ్గురూ. ఒక్క సూట్‌కేసు. మూడేళ్ళ పిల్ల. దాని పేరు లిండా. రైలు దిగగానే ఆ పిల్ల ఎవరినీ చూడకుండా వచ్చి నా కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడింది. అయిదేళ్ళ కోపం ఆ ప్లాట్‌ఫారం మీదే పోయింది. ఇంటికి రాగానే ఫొటో తీసి గోడకి పెట్టాను.

ఏడాది తిరక్కుండా ప్రభుదాస్ మళ్ళీ కువైట్ వెళ్ళాడు. పెళ్ళాం పిల్లలకి వీసాలు ఇప్పట్లో ఇవ్వరన్నారు. మిషను వీధిలో మా రెండు గదుల పెంకుటింట్లో ఆడవాళ్ళం ముగ్గురం మిగిలాం. అప్పటినుంచీ మొదలైంది లోర్నాకి ఆ తిరుగుడు. వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి దొడ్లోకి, కాలుగాలిన పిల్లిలాగా. కూర్చోమంటే కూర్చునేది కాదు. అన్నం కూడా నిలబడే తినేది. చూసి చూసి నాకూ కాళ్ళు ఒకచోట నిలిచేవి కావు.

దాని బాధంతా పిల్ల గురించే. లిండాతో ఆడేవాళ్ళు లేరు. చూసేవాళ్ళకేం, బోలెడు మంది. వీధిలో పిల్లలంతా మా ప్రహరీ ఎక్కి కూర్చుని దాన్ని చూసేవాళ్ళు. "చైనా పాపా, చైనా పాపా" అని పిలిచేవాళ్ళు. అది బయటికొస్తే పారిపోయేవాళ్ళు, లోపలికెళ్తే మళ్ళీ ఎక్కేవాళ్ళు. ఒకరోజు లోర్నా వాళ్ళలో ఒకణ్ణి పట్టుకుని చెంప మీద ఒక్కటిచ్చింది. వాడి తల్లి వచ్చి నన్ను కడిగిపారేసింది. మర్నాటినుంచి లిండా బయటికి రావడం మానేసింది. మంచం కిందకి దూరి గోడవైపు తిరిగి పడుకునేది. నాలుగేళ్ళ పిల్ల, పొద్దస్తమానం మంచం కింద. నేను వంగి "రా అమ్మా, అత్త దగ్గరికి రా" అంటే చెయ్యి చాపేది గానీ వచ్చేది కాదు.

ఆ నవంబరులో ప్రభుదాస్‌తో ఫోనులో మాట్లాడాలంది లోర్నా. పై దేశాలకి ఫోను చెయ్యాలంటే తెనాలి వెళ్ళడమే సుఖం. ప్యాసింజరెక్కి ముగ్గురం వెళ్ళాం. అక్కడి ఎస్టీడీ బూతు అద్దాల గదిలో లోర్నా ఫోను పట్టుకుని కూడా నిలకడగా లేదు, తీగ ఎంతవరకూ సాగితే అంతవరకూ తిరుగుతోంది. నాకు ఇంగ్లీషు బాగానే అర్థమవుతుంది. ఆ పిల్ల మొగుడితో చెప్పిందేంటంటే, వేసవి లోపల పిల్లకి ఇక్కడ ఒక్క స్నేహితురాలు దొరక్కపోతే తను పిల్లని తీసుకుని వాళ్ళ అమ్మ దగ్గరికి వెళ్ళిపోతుంది. వాళ్ళ అన్న టిక్కెట్లు పంపిస్తానన్నాడు. ఒక్కరంటే ఒక్కరు చాలు, అదీ లేకపోతే ఉండను అంది.

నా గుండెల్లో రాయి పడింది. నిజం చెప్పొద్దూ, లోర్నా కోసం కాదు. లిండా వెళ్ళిపోతే నేనేం కావాలి? రేపల్లె వచ్చేదాకా బండిలో ఆ పిల్ల నా ఒళ్ళో నిద్రపోతూనే ఉంది, నేను కిటికీలోంచి బయటికి చూస్తూ ఏం చెయ్యాలి, ఏం చెయ్యాలి అని అదే ఆలోచన.

ఇంటికొచ్చాక లోర్నానే చెప్పింది. కువైట్‌లో వాళ్ళుండే భవనంలో పరాయి దేశాల తల్లులంతా కలిసి పిల్లల్ని ఆడించేవాళ్ళట. ఎవరి బొమ్మలు వాళ్ళు తెచ్చి మధ్యలో పడేయాలి. అవి అందరివీ. ఏ పిల్లతో వచ్చిన పెద్దవాళ్ళు ఆ పిల్ల ఉన్నంతసేపూ అక్కడే కూర్చోవాలి. పాఠాలు లేవు, టీచరు లేదు. "ఇక్కడ కూడా అది పెడతాను వదినా. నాకు తెలుగు రాదు. నువ్వు వెళ్ళి అందరినీ పిలువు" అంది ఇంగ్లీషులో.

పిలిచాను. మిషను వీధంతా తిరిగాను, పెద్ద బజారు వైపు డాబా ఇళ్ళకి కూడా వెళ్ళాను. కాలవ అవతల పేటకి మాత్రం వెళ్ళలేదు. ఎండగా ఉందనుకున్నాను. నవంబరులో ఎండేంటి అని మీరడగొచ్చు. మేమూ ఆ పేటలోంచి వచ్చినవాళ్ళమే. మా నాన్న నన్ను చదివించాడు గనక నేను మిషను వీధికి వచ్చిపడ్డాను, అంతే తేడా.

తిరిగిన ప్రతి ఇంట్లోనూ ఒకటే ప్రశ్న.

"చదువేం చెప్తారండి టీచరుగారూ?"

"చదువు చెప్పరమ్మా. ఆడుకోవడమే."

"ఆడుకోడానికి మా ఇంట్లో చోటు లేదాండి?"

తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి విసుగెత్తి, "ఆవిడ మాట్లాడేదంతా ఇంగ్లీషేనమ్మా" అన్నాను. అంతే. మారు ప్రశ్న లేదు.

సోమవారం పొద్దున పది గంటలకి మా గేటు ముందు పదకొండు మంది పిల్లలు చేతులు కట్టుకుని వరసలో నిలబడ్డారు. బూట్లు, తెల్ల మేజోళ్ళు, మెడలో అన్నలవో అక్కలవో టైలు, చేతుల్లో పలకలు. లోర్నా తలుపు తియ్యగానే "గుడ్ మార్నింగ్ మిస్" అని ఒక్కసారి అరిచారు. ఆ అమ్మాయి బిత్తరపోయి నావైపు తిరిగింది. "వీళ్ళకి ఏం చెప్పావు వదినా?"

ముందురోజే ఒక బండెడు ఇసుక తోలించి వాకిట్లో పోయించింది లోర్నా. పలకలన్నీ తీసుకుని కిటికీలో పెట్టి, బూట్లు విప్పించి, అందరినీ ఇసుకలోకి తోలింది. ఇద్దరు తల్లులు మేజోళ్ళు చూసుకుని అక్కడికక్కడే పిల్లల్ని చంకనేసుకుని వెళ్ళిపోయారు. మిగతావాళ్ళు వదిలేసి ఇంటికి పోబోతుంటే లోర్నా వీధిలోకి పరిగెత్తి చేతులు పట్టుకుని వెనక్కి లాక్కొచ్చింది, కూర్చోవాలి, కూర్చోవాలి అని. ఈవిడకి పిల్లల్ని అదుపు చెయ్యడం రాదు కాబోలు, మనల్ని కూర్చోబెడుతోంది అని ముక్కున వేలేసుకున్నారు వాళ్ళు. అయినా కూర్చున్నారు. ఒకరికి బీరకాయల ధర గుర్తొచ్చింది, ఇంకొకరికి ఆడపడుచు గుర్తొచ్చింది, పన్నెండు ఎప్పుడయిందో వాళ్ళకే తెలీలేదు.

వాళ్ళలో దుర్గాంబగారు ఒకరు. బజారువైపు డాబా చెంచురామయ్యగారి భార్య. పాతిక ఎకరాల మాగాణి, పైగా ఎరువుల కొట్టు. మనవణ్ణి తీసుకుని వచ్చేది. మాట కలుపుగోలు, మనిషి సరదా. వాళ్ళది పెద్ద చెయ్యి కూడాను, మనవడి మూడుచక్రాల బండి తెచ్చి అందరికీ అని మధ్యలో పెట్టింది. ఆవిడ వస్తోందని మరో నాలుగు డాబాలవాళ్ళు వచ్చారు.

ఇంత జరిగినా ఎవరికోసం పెట్టామో ఆ పిల్ల మాత్రం మంచం కిందే ఉంది. ఒక రోజు, రెండు రోజులు, వారం. వాకిట్లో పదిమంది పిల్లలు కేకలు పెడుతుంటే లోపల మంచం కింద మా పిల్ల. లోర్నా అందరితో నవ్వుతూనే నిమిషానికోసారి లోపలికెళ్ళి వంగి చూసి వచ్చేది. నేనూ వెళ్ళేదాన్ని. ఒకరికొకరం గుమ్మంలో ఎదురుపడేవాళ్ళం.

అప్పుడు పున్నమ్మ వచ్చింది. ఆటకని రాలేదు. కాలవ అవతల పేటలో ఉంటుంది, మా గుడికే వస్తుంది. కొడుకూ కోడలూ నిజాంపట్నం దగ్గర రొయ్యల చెరువులకి కాపలా ఉంటారు, వాళ్ళ కార్డు ముక్క వస్తే చదివించుకోడానికి నా దగ్గరికి వస్తుంది. "వందనాలండి టీచరుగారూ" అని మెట్ల కింద నిలబడింది. వెంట మనవరాలు రిబ్కా. అయిదేళ్ళుంటాయేమో.

నేను కార్డు చదువుతున్నాను. రిబ్కా ఎవరినీ అడగలేదు. ఇసుక దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చుని, పాదం మీద ఇసుక పోసుకుని, తట్టి తట్టి, మెల్లిగా పాదం లాగేసింది. పిచ్చుకగూడు నిలబడింది. పక్కన ఇంకొకటి, ఇంకొకటి. నేను చదవడం ఆపి చూస్తే గుమ్మంలో లిండా నిలబడి ఉంది. రిబ్కా దాన్ని చూసింది. చైనా పాపా అనలేదు, పారిపోలేదు. లేచి వచ్చి మా పిల్ల చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, దాని పాదం ఇసుకలో పెట్టి, పైన ఇసుక పోసి తట్టడం మొదలెట్టింది. "కదలమాక, కదిల్తే పడిపోద్ది" అంది. లిండాకి అప్పటికి తెలుగు సరిగా రాదు. కదల్లేదు.

లోర్నా గోడకానుకుని నిలబడి ఏడ్చింది. నేను కార్డు మీద చూపు పెట్టాను, ఒక్క అక్షరం కనపడలేదు. "ఏం రాశాడండి మావోడు?" అని పున్నమ్మ అడుగుతూనే ఉంది.

ఇక రోజూ వచ్చేది రిబ్కా. పున్నమ్మ చాప చివర కూర్చునేది. దుర్గాంబగారు చాపకి ఈ చివర. మధ్యలో ఎవరో ఒకరుండేవాళ్ళు. లిండాకి తెలుగు ముక్కలు వచ్చేశాయి, అవీ పేట యాసలో. "రా యే", "పో యే" అని నన్నే అదిలించేది. లోర్నా నిలబడి తినడం మానేసింది. టిక్కెట్ల మాట ఎత్తలేదు. క్రిస్మస్‌కి పదిహేను రోజులుంది, పిల్లలిద్దరికీ ఒకే తానులో గౌన్లు కుట్టించాను. అంత సంతోషంగా నేను ఎప్పుడూ లేను.

ఇదిగో ఇక్కడికొచ్చేసరికి మళ్ళీ లేచి నీళ్ళు తాగొద్దామనిపిస్తుంది. సరే, చెప్పేస్తాను.

ఒకరోజు రిబ్కా వేరుశనగ ఉండ ఒకటి తెచ్చుకుంది. ముగ్గురున్నారు అక్కడ, తనూ లిండా దుర్గాంబగారి మనవడూ. రిబ్కా గౌను అంచు ఉండమీద కప్పి, పంటితో కొరికి మూడు ముక్కలు చేసింది. కాకెంగిలి. గుడ్డ అడ్డముంటే ఎంగిలి కాదని మనకందరికీ తెలిసిందేగా, చిన్నప్పుడు ఎవరం తినలేదు? ఒక ముక్క లిండాకిచ్చింది, ఒకటి ఆ పిల్లాడికిచ్చింది. వాడు నోట్లో వేసుకున్నాడు. దుర్గాంబగారు చూసింది.  కాసేపటికి, ఇంట్లో పనుందని లేచింది.

మర్నాడు ఆవిడ రాలేదు. ఆ నాలుగు డాబాలవాళ్ళూ రాలేదు. మూడోరోజుకి మిషను వీధిలో కూడా కొందరు మానేశారు, పెద్దవాళ్ళు మానేశారంటే ఏదో ఉండే ఉంటుందని. నలుగురు పిల్లలు మిగిలారు. లోర్నా మళ్ళీ తిరగడం మొదలెట్టింది. "కువైట్‌లో కూడా ఇలాగే ఒక్కొక్కరూ మానేస్తే మొత్తం పోయింది వదినా. ఇదీ పోతుంది. ఇది పోతే నేనిక్కడ ఏం చెయ్యాలి?" అంది. ఎందుకు మానేశారో లోర్నాకి తెలీదు. నాకు తెలుసు.

దుర్గాంబగారింటికి వెళ్ళాను. వసారాలో కుర్చీ వేయించింది, కాఫీ ఇచ్చింది. "నాకేం పట్టింపుల్లేవమ్మా. మా ఆయనకి తెలిస్తే నన్ను కూడా గడప దాటనివ్వరు. వాళ్ళతో కలిసి ఎంగిళ్ళు తినడమంటే ఎలా చెప్పండి? మీరంటే చదువుకున్నారు, టీచరుగారు. మీ సంగతి వేరు" అంది.

పద్దెనిమిదేళ్ళప్పుడు ట్రైనింగుకని బాపట్ల వెళ్ళాను. ఒక ఇంట్లో గది తీసుకుంటే మూడోరోజున మేమెవరమో తెలిసి నా ట్రంకుపెట్టె వీధిలో పెట్టారు. ఆ పెట్టె మీద కూర్చుని చీకటి పడేదాకా ఏడ్చాను. అలాంటిదాన్ని, ఆ కాఫీ తాగుతూ, మీ సంగతి వేరు అన్న మాటకి లోపల ఎక్కడో సంతోషపడ్డాను. ఇది నేను ఎవరికీ చెప్పలేదు, పాస్టరుగారికి కూడా.

తిరిగొస్తుంటే కాలవ వంతెన మీద పున్నమ్మ ఎదురైంది. చేతిలో కొడవలి. కోతలు మొదలయ్యాయి. ఆ వారం మోకాళ్ళ నొప్పులతోనే కోతకి పోతూ రిబ్కాని ఒక్కదాన్నే మా ఇంటికి పంపిస్తోంది. నాకు అక్కడికక్కడే తోచింది. ముప్పై అయిదేళ్ళ పంతులమ్మని, రూలు దొరకడం ఎంతసేపు?

"పున్నమ్మా, పిల్లతో పెద్దవాళ్ళు వచ్చి కూర్చోవాలని మా మరదలు రూలు పెట్టింది. నువ్వేమో పనికి పోతున్నావు. పెద్దవాళ్ళు లేకుండా పిల్లని ఉంచకూడదు. అందుకని, ఇక పంపొద్దు."

పున్నమ్మ నావైపు చూసింది. ఎంతోసేపు కాదు. "అలాగేనండి" అంది. కొడవలి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని వెళ్ళిపోయింది.

రెండు రోజులకి దుర్గాంబగారు వచ్చింది, ఆవిడ వెనక అందరూ వచ్చారు. పద్నాలుగు మంది పిల్లలు. చూశావా, నిలబెట్టాను అని నాకు నేనే చెప్పుకున్నాను. లోర్నా అడిగింది, రిబ్కా ఏది అని. వాళ్ళ నాయనమ్మ కోతలకి పోతోంది, కుదరడంలేదంట అన్నాను. లోర్నా నమ్మింది. లిండా నమ్మలేదు. పొద్దున్నే లేచి గేటు దగ్గర నిలబడేది. "రిబ్కా వత్తది" అనేది. వాకిట్లో పద్నాలుగు మంది ఉన్నా ఒక్కరివైపు చూసేది కాదు. పన్నెండయ్యేదాకా గేటు దగ్గరే. క్రిస్మస్ గౌను వేస్తే విప్పి పారేసింది. సంక్రాంతి సెలవులు కూడా అయిపోయాయి. జనవరి ఆఖర్న ఒకరోజు గేటు దగ్గర కనపడకపోతే లోపల చూశాను. మంచం కింద, గోడవైపు తిరిగి.

ఆ మర్నాడే లోర్నా తన అన్నకి ఉత్తరం రాసింది. ఫిబ్రవరి చివర్లో జవాబు వచ్చింది, ఏప్రిల్లో టిక్కెట్లని. సూట్‌కేసు అటకమీంచి దించి తుడిచింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "నువ్వు చాలా కష్టపడ్డావు వదినా. ఇది నీ తప్పు కాదు" అంది. ఆ మాటకి నేను కంచం ముందునుంచి లేచిపోయాను.

అయినా అప్పుడు కూడా నిజం చెప్పలేదు చూడండి. గుట్టుచప్పుడు కాకుండా రిబ్కాని తీసుకొచ్చేస్తే చాలనుకున్నాను. పేటకి బయలుదేరాను. పున్నమ్మ వాకిట్లో మినుములు చెరుగుతోంది. రిబ్కా లేదు, నీళ్ళకి పోయిందన్నారు.

"కోతలయిపోయాయి కదా పున్నమ్మా, రేపట్నుంచి పిల్లని తీసుకురా. మా లిండా బెంగపెట్టుకుంది" అన్నాను.

"వద్దులెండి టీచరుగారూ."

"అదేంటి? పెద్దవాళ్ళుండాలనేగా అన్నాను. ఇప్పుడు నువ్వు ఖాళీయే కదా."

చేట కింద పెట్టింది పున్నమ్మ. "ఎందుకు వద్దన్నారో నాకు తెలుసండి. ఆ రోజు ఉండముక్క కాడ నేనూ చాపమీదే ఉన్నా గదండి. పిల్లది రోజూ అడిగేది, ఎందుకు వెళ్ళకూడదే అని. నువ్వు పనికి పోతున్నావని టీచరుగారు వద్దన్నారు అని మీరు చెప్పిందే చెప్పానండి. అది నమ్మింది. ఇప్పుడు మళ్ళీ తీసుకొస్తే, మళ్ళీ ఎవరో లేచి పోతారు, మళ్ళీ ఎవరో వద్దంటారు. అప్పుడు దానికి తెలిసిపోద్ది. ఎటూ తెలిసేదేననుకోండి. ఇంకొక్క ఏడాదన్నా తెలీకుండా ఉండనియ్యండి."

నేను వంగి, కింద పడ్డ మినుములు ఏరి చేటలో వేశాను.

"ఇంకెవరన్నా ఆ మాట అనుంటే అడిగేదాన్నండి. మీరన్నారని ఊరుకున్నా" అంది. కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అంది, మళ్ళీ చేట తీసుకుంది.

తిన్నగా ఇంటికొచ్చాను. లోర్నా సూట్‌కేసులో గౌన్లు సర్దుతోంది. పక్కన నిలబడి అంతా చెప్పాను. నాకు వచ్చిన ఇంగ్లీషులో సగం, తెలుగులో సగం. కాకెంగిలి అంటే ఏంటో చెప్పాను, డాబా ఇళ్ళవాళ్ళు ఎవరో, పేటవాళ్ళు ఎవరో, మేమెవరమో చెప్పాను. బాపట్ల చెప్పాను. కాఫీ చెప్పాను. వింటున్నంతసేపూ లోర్నా కదల్లేదు. ఏడాదిన్నరలో మొదటిసారి అది అంతసేపు ఒకచోట కూర్చోవడం చూశాను.

"నీ పెట్టె వీధిలో పెట్టినప్పుడు ఎవరైనా వచ్చి నీ పక్కన కూర్చున్నారా?" అని అడిగింది.

"లేదు."

"ఆ రూలు దానికోసమే పెట్టుకున్నాం వదినా. అక్కడ పరాయి దేశంలో ఏ పిల్లా ఒంటరిగా ఉండకూడదని. దాన్నే తీసుకెళ్ళి..." మాట ఆపేసింది. తిట్టినా పడేదాన్ని. లేచి లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

సోమవారం పొద్దున దుర్గాంబగారూ వాళ్ళూ వచ్చేసరికి లోర్నా బొమ్మలన్నీ గోనెసంచిలో వేసి కట్టింది. మూడుచక్రాల బండి ఆవిడకి ఇచ్చేసింది. ఇక్కడ ఆట అయిపోయిందండి, ఇకనుంచి పున్నమ్మ ఇంటి దగ్గర, అందరూ రావచ్చు, ఇలాగే చాపమీద కూర్చోవాలి అని తనకొచ్చిన తెలుగులో చెప్పింది. దుర్గాంబగారు నావైపు చూసింది, నేను సర్దిచెబుతానని. నేను సంచి రెండో కొస పట్టుకున్నాను. ఆవిడ మనవడి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

లోర్నా ఏప్రిల్లో వెళ్ళలేదు. ఆ తర్వాత ఏప్రిల్లో కూడా వెళ్ళలేదు. వీసాలు వచ్చి కువైట్ వెళ్ళేదాకా రెండేళ్ళకు పైగా పున్నమ్మ వాకిట్లోనే నడిచింది ఆటబడి. మిషను వీధినుంచి ముగ్గురు వచ్చేవాళ్ళు, పేట పిల్లలు పాతికమంది. డాబాలవాళ్ళు ఎవరూ రాలేదు. మా వీధిలో నాతో మాటలు మానేసినవాళ్ళున్నారు, నాకేం తక్కువయింది? ఇప్పుడు చెప్పుకుంటే బాగానే ఉంటుంది. కానీ ఆ మొదటి సోమవారం పొద్దున కాలవ వంతెన దాటుతుంటే, ఎవరైనా చూస్తున్నారేమోనని రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను.

పున్నమ్మ మమ్మల్ని చూసి గాబరాగా లేచింది. లోర్నా వెళ్ళి ఆవిడ చాపమీద కూర్చుని, పక్కన చోటు చూపించింది. పున్నమ్మ చెంగుతో చేతులు తుడుచుకుని కూర్చుంది. పక్కింట్లోంచి నాకు కుర్చీ తెప్పించారు, టీచరుగారికని. వద్దనలేకపోయాను. అందరికీ ఎడంగా ఆ కుర్చీలో కూర్చున్నాను.

లిండా పరిగెత్తుకెళ్ళి రిబ్కా చెయ్యి పట్టుకుని లాగుతోంది. రిబ్కా కదల్లేదు. ముందు నాయనమ్మని చూసింది. తర్వాత లిండా చెయ్యి విడిపించుకుని తిన్నగా నా కుర్చీ దగ్గరికి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడింది.

"టీచరుగారండీ. మా నాయనమ్మ ఇయ్యాల పనికి పోలేదండి. అదుగోండి, చాపమీద కూర్చుంది. నేను ఆడుకోవచ్చాండి?"

వాళ్ళ వాకిట్లో నిలబడి నన్ను అడిగింది.